పొంగే పొడి లెక్కలు: గ్లాసులో గాలి ఎంత, ఉప్పు ఎంత

ఈనో తాగిన రెండు మూడు నిమిషాల్లో ఒక పెద్ద త్రేనుపు వస్తుంది. ఛాతీ తేలికపడుతుంది. తాగినవాళ్లు ఖాళీ గ్లాసు పక్కన పెడుతూ "హమ్మయ్య, గ్యాస్ పోయింది" అంటారు. అలా పోయిన గ్యాస్‌లో చాలా భాగం అంతకుముందు వాళ్ల కడుపులో లేదు. ఆ ప్యాకెట్ పొడి నుంచే పుట్టింది, గ్లాసు నీళ్లతో లోపలికి వెళ్లి, వెళ్లిన దారినే బయటికొచ్చింది. ఈ సంగతి తెలిశాక ఈ పొడిని ఎప్పుడు వాడొచ్చో, ఎప్పుడు దాని జోలికి పోకూడదో సగం తేలిపోతుంది. మిగతా సగం తేల్చడానికి కొన్ని లెక్కలు కావాలి.

బ్రిటన్‌లో అమ్మే ఈనో లేబుల్ మీద 5 గ్రాముల పొడికి కొలతలు ఇలా ఉంటాయి: సోడియం బైకార్బనేట్ 2.32 గ్రాములు, సిట్రిక్ ఆమ్లం 2.18 గ్రాములు, సోడియం కార్బనేట్ 0.50 గ్రాములు. మొదటిది మన వంటింట్లో ఉండే తినే సోడా. రెండోది నిమ్మ ఉప్పు. మూడోది చాకలి సోడాకి మూలమైన పదార్థమే, కాకపోతే మందుకు తగ్గట్టు శుద్ధి చేసినది. మన దేశంలో ఈనోని ఆయుర్వేద ఔషధంగా అమ్ముతారు కనుక ప్యాకెట్ మీద స్వర్జిక్షార, నింబుకామ్లం అని రాసి ఉంటుంది. పేర్లు ఎంత శాస్త్రోక్తంగా ఉన్నా కడుపులో వాటి పని మారదు. బ్రాండును బట్టి, దేశాన్ని బట్టి కొలతలు కొంచెం అటూఇటూ అవుతాయి. ఇక్కడ వేసే లెక్కలన్నీ ఆ బ్రిటన్ లేబుల్ మీద వేసినవి.

పొడి పొడిగా ఉన్నంతకాలం సోడా, నిమ్మ ఉప్పు ఒకదాన్నొకటి పట్టించుకోవు. నీళ్లు తగలగానే కలబడతాయి. అప్పుడు పుట్టేవి రెండు: సోడియం సిట్రేట్ అనే లవణం, కార్బన్ డయాక్సైడ్ వాయువు. పై కొలతల ప్రకారం ఒక ప్యాకెట్ నుంచి దాదాపు 29 మిల్లీమోల్స్ వాయువు వస్తుంది. బరువులో చూస్తే 1.3 గ్రాములు. మన గదుల వేడిలో దాని పరిమాణం సుమారు 700 మిల్లీలీటర్లు. అంటే చెంచాడు పొడి మూడు లోటాల గాలిని దాచుకుని ఉందన్నమాట.

ఆ 700 మిల్లీలీటర్లలో ఎంత గదిలోకి పోతుంది, ఎంత మన కడుపులోకి వస్తుంది అనేది మనం ఎంతసేపు ఆగుతాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. నురగ పూర్తిగా అణిగి, పొడి మొత్తం కరిగేదాకా ఆగితే ఎక్కువ భాగం గ్లాసులోంచే లేచిపోతుంది. అప్పటికీ 150 మిల్లీలీటర్ల నీళ్లలో 100 మిల్లీలీటర్ల దాకా వాయువు కరిగి ఉంటుంది. ఒంటి వేడికి అది బయటపడుతుంది, త్రేనుపు దానివల్లే. పొంగుతుండగానే గటగటా తాగితే మిగిలిన పొంగంతా లోపలే జరుగుతుంది. టీవీ ప్రకటనల్లో గ్లాసు ఉప్పొంగుతుండగానే నోటికెత్తుకోవడం చూడ్డానికి బాగుంటుంది కానీ, తాగాల్సిన పద్ధతి అది కాదు.

గోళీసోడా తాగినా ఇదే త్రేనుపు వస్తుంది. అందులో ఆమ్లాన్ని అణిచే మందేమీ లేదు, ఉన్నది వాయువే. అయినా "కడుపు తేలికైంది" అనే మాట రెండుచోట్లా ఒకటే. పైగా కడుపు గాలితో సాగినప్పుడు అన్నవాహిక కింది కవాటం కాసేపు వదులవుతుంది. త్రేనుపు రావడానికి కారణం అదే. ఆ దారిన ఒక్కోసారి పుల్లటి నీళ్లు కూడా పైకి తన్నుకొస్తాయి. గుండెల్లో మంటతో బాధపడేవాళ్లలో కొందరికి ఈ పొడి తాగాక మంట ఇంకాస్త ఎక్కువైనట్టు అనిపించడానికి ఇదొక కారణం.

మరి పొడి పనిచేయదా అంటే, చేస్తుంది. పనిచేసేది గాలి కాదు, గ్లాసు అడుగున కంటికి కనిపించకుండా కరిగిపోయిన సోడియం సిట్రేట్. ఒక్కో ప్యాకెట్‌లో అది 11 మిల్లీమోల్స్ పైచిలుకు తయారవుతుంది. సిజేరియన్‌కు తీసుకెళ్లే ముందు మత్తు డాక్టర్లు కడుపులోని ఆమ్లం ఘాటు తగ్గించడానికి 30 మిల్లీలీటర్ల సోడియం సిట్రేట్ ద్రవం తాగిస్తుంటారు. అందులో ఉండేది 9 మిల్లీమోల్స్. కాబట్టి ఈనో గ్లాసులో ఉన్నది ఉత్తుత్తి సరుకేం కాదు. ఒక ప్యాకెట్ మొత్తానికి సుమారు 30 మిల్లీమోల్స్ ఆమ్లాన్ని పట్టుకోగల శక్తి ఉంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గంటకు ఊరే ఆమ్లం 2 నుంచి 5 మిల్లీమోల్స్. భోజనం చేశాక అది 20 నుంచి 40 దాకా ఎగబాకుతుంది.

ఈ అంకెలు చూస్తే ఖాళీ కడుపు మీద ఒక ప్యాకెట్ ఆరేడు గంటలు కాపాడాలి. కాపాడదు. నీళ్లలాంటి మందు ఖాళీ కడుపులో నిలవదు కదా, 20 నుంచి 40 నిమిషాల్లో పేగుల్లోకి జారిపోతుంది. అన్నం తిన్న గంట తర్వాత తీసుకుంటే, తిండితో పాటు తనూ కడుపులో ఉండి రెండు మూడు గంటల దాకా పనిచేస్తుంది. రాత్రి పదకొండింటికి పడుకోబోతూ తాగి, అర్ధరాత్రి మళ్లీ మంటతో లేచి, ఇంకో ప్యాకెట్ చింపేవాళ్ల విషయంలో మందు తప్పు ఏమీ లేదు, వేళ తప్పు. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉంచితే ఆ రెండో ప్యాకెట్‌తో పనే పడకపోవచ్చు.

ఈ పొడి పుట్టింది ఇంగ్లండులోని న్యూకాజిల్ రేవు పట్టణంలో, 1850లలో. జేమ్స్ క్రాస్లీ ఈనో అనే మందుల దుకాణదారు తన పేరే దానికి పెట్టి "ఫ్రూట్ సాల్ట్" అని అమ్మాడు. ఓడల్లో వచ్చిపోయే నావికుల సంచుల్లో అది దేశదేశాలు తిరిగింది. 1938లో బీచమ్ కంపెనీ కొనుక్కుంది. చేతులు మారుతూ మారుతూ ఇప్పుడు, 2022లో విడిగా ఏర్పడిన హేలియన్ అనే సంస్థ దగ్గర ఉంది. పేరులో పండు ఉంది గానీ ప్యాకెట్‌లో పండు ఎప్పుడూ లేదు. ఉప్పు మాత్రం నిజంగానే ఉంది.

850 మిల్లీగ్రాముల సోడియం

పై మూడు పదార్థాల్లో రెండింట్లో సోడియం ఉంది. బైకార్బనేట్ నుంచి 635 మిల్లీగ్రాములు, కార్బనేట్ నుంచి 217. కలిపితే ఒక ప్యాకెట్‌కు 850 మిల్లీగ్రాముల పైన. వాయువు ఎగిరిపోతుంది గానీ సోడియం ఎక్కడికీ పోదు, చివరి చుక్కదాకా మన ఒంట్లోకే వస్తుంది. ఇంత సోడియం మామూలు ఉప్పు రూపంలో కావాలంటే 2.2 గ్రాముల ఉప్పు తినాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 2 గ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటుంది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఉప్పు హద్దు అదే. ఒక్క ప్యాకెట్‌తో ఆ హద్దులో 43 శాతం అయిపోతుంది. రోజుకు రెండు తాగితే 85 శాతం. దేశంలో పెద్దవాళ్ల సగటు ఉప్పు వాడకమే రోజుకు 8 గ్రాముల దగ్గర ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ సర్వే లెక్క తేల్చింది. ఊరగాయ, పప్పుచారు, అప్పడం అన్నీ కలిసి ముందే హద్దు దాటించేశాక, వాటివల్ల వచ్చిన మంటకు వాడే మందు మరో 2.2 గ్రాములు జతచేస్తోంది.

ఇంకో కొలత చూడండి. విరేచనాలప్పుడు తాగే ఓఆర్ఎస్‌లో లీటరుకు 75 మిల్లీమోల్స్ సోడియం ఉంటుంది. ఒక ఈనో ప్యాకెట్‌లో 37. అర లీటరు ఓఆర్ఎస్‌లోని సోడియం 150 మిల్లీలీటర్ల గ్లాసులో ఒక్క గుక్కలో వెళ్తుందన్నమాట. (ఓఆర్ఎస్ లేదని దాని బదులు ఇది తాగొద్దు. ఇందులో గ్లూకోజూ లేదు, పొటాషియమూ లేదు. పేగులు నీటిని పీల్చుకోవడానికి ఆ గ్లూకోజ్ కావాలి.)

ఇక్కడ శాస్త్రం పూర్తిగా ఒక్క గొంతుతో మాట్లాడటం లేదని కూడా చెప్పాలి. ఉప్పులోని సోడియం బీపీని పెంచినంతగా సిట్రేట్‌తో ఉన్న సోడియం పెంచకపోవచ్చని 1987లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. పాల్గొన్నది ఐదుగురే. దానికి ఎదురుగా 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డండీ విశ్వవిద్యాలయం వాళ్లు రాసిన పెద్ద పరిశీలన ఉంది. దాదాపు 13 లక్షల మంది బ్రిటన్ రోగుల రికార్డులు తిరగేశారు. పారాసెటమాల్ లాంటి మందుల్నే నీళ్లలో పొంగే సోడియం రూపంలో వాడినవాళ్లనీ, సోడియం లేని మామూలు రూపంలో వాడినవాళ్లనీ పోల్చి చూశారు. మొదటివాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనల అవకాశం 16 శాతం ఎక్కువగా తేలింది. కొత్తగా బీపీ రావడంలో తేడా ఇంకా పెద్దది, ఏడు రెట్లు. ఇది పరిశీలన కాబట్టి సోడియమే కారణమని రుజువైనట్టు కాదు. పైగా ఇవి ఏళ్ల తరబడి వాడిన మందులు. నెలకో రెండు నెలలకో ఒక ప్యాకెట్ తాగేవాళ్లు ఈ అంకె చూసి భయపడక్కర్లేదు. రోజూ తాగుతూ, పక్కన ఆమ్లోడిపిన్ మాత్ర కూడా మింగేవాళ్లు మాత్రం తమ బీపీ ఎందుకు దిగడం లేదో ఒకసారి ఆలోచించుకోవాలి.

బీపీ సంగతిలో వాదన ఉండొచ్చు గానీ, గుండె బలహీనపడి కాళ్ల వాపు, ఆయాసం ఉన్నవాళ్ల విషయంలో వాదన లేదు. వాళ్ల ఒంట్లో సోడియం నీటిని పట్టి ఉంచుతుంది. కాలేయం దెబ్బతిని పొట్టలో నీరు చేరినవాళ్లకూ అంతే. డాక్టరు ఉప్పు తగ్గించమని చెప్పిన ఎవరికైనా ఈ ప్యాకెట్ కూడా ఉప్పు కిందే లెక్క.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల దగ్గర ఒక చిక్కుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో అయినా, ఇంకెక్కడైనా, కిడ్నీలు మందగించినవాళ్లలో చాలామందికి డాక్టర్లే సోడా మాత్రలు రాస్తారు. రక్తంలో పేరుకునే ఆమ్లాన్ని తగ్గించడానికి అవి కావాలి. "డాక్టరే సోడా ఇచ్చాడు, ఇదీ సోడానే కదా" అనే ఆలోచన అక్కడినుంచే వస్తుంది. 500 మిల్లీగ్రాముల సోడా మాత్రలో సోడియం 137 మిల్లీగ్రాములు. ఒక ఈనో ప్యాకెట్ అలాంటి మాత్రలు ఆరింటికి సమానం. డాక్టరు ఆ మాత్రల సంఖ్యని రక్తపరీక్షలో బైకార్బనేట్ చూసి నిర్ణయిస్తారు, వాపు చూసి మారుస్తారు. పక్కనుంచి మనం ఆరు మాత్రల సోడియం పోస్తే ఆ లెక్కంతా తప్పుతుంది.

గర్భిణులకు నెలలు నిండేకొద్దీ గుండెల్లో మంట సహజం. అయినా సోడియం బైకార్బనేట్ పొడులు వాళ్లకు మొదటి ఎంపిక కావు. ఒంట్లో నీరు చేరడం, కాళ్ల వాపు అప్పటికే ఉంటాయి. డాక్టరు కాల్షియం లేదా మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లో, ఆల్జినేట్ సిరప్పో రాస్తారు. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఈనో ఇవ్వొద్దని తయారీదారులే చెబుతారు. పిల్లాడికి కడుపునొప్పి అనగానే సగం ప్యాకెట్ కలిపి పట్టించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అపెండిసైటిస్ కూడా మొదట బొడ్డు చుట్టూ నొప్పిగానే మొదలవుతుందని గుర్తుంటే ఆ చెయ్యి ఆగుతుంది.

కడుపు నిండుగా ఉన్నప్పుడు

పెళ్లి భోజనం కంఠం దాకా తిని, ఆ బరువు దించుకోవడానికి పొడి తాగడం మనకు మామూలే. అమెరికాలో తినే సోడా డబ్బాల మీద మందుగా వాడేవాళ్ల కోసం పెద్ద అక్షరాలతో ఒక హెచ్చరిక ఉంటుంది: పొడి పూర్తిగా కరిగేదాకా తాగొద్దు, తిండితోనో పానీయాలతోనో కడుపు మరీ నిండి ఉన్నప్పుడు అసలు తీసుకోవద్దు. కడుపు గోడ చిరిగిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాకే ఆ హెచ్చరిక వచ్చింది. అలాంటివి చాలా అరుదు. అర టీస్పూను సోడా కడుపులోని ఆమ్లంతో కలిస్తే లెక్కప్రకారం ఆరేడు వందల మిల్లీలీటర్ల వాయువు రావాలి గానీ, అది ఒక్కసారిగా రాదని, నిదానంగా వస్తుందని 1984లో ప్రయోగాలు చేసి చూపించారు. ప్రమాదం జరిగినచోట సాధారణంగా రెండూ కలిశాయి: పగిలేంతగా నిండిన కడుపు, కొలత లేకుండా గుప్పిట్లోంచి వేసుకున్న సోడా.

కొలత మాటకొస్తే, అదే డబ్బా మీద ఇంకో మంచి లెక్క ఉంది. అర టీస్పూను, 120 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక్కో మోతాదులో 616 మిల్లీగ్రాముల సోడియం. రోజుకు ఏడు మోతాదులు దాటకూడదు. వయసు అరవై దాటితే మూడే. పూర్తి మోతాదులో రెండు వారాలకు మించి వాడకూడదు. అరవై దగ్గర హద్దు సగానికి పైగా తగ్గిందంటే ఊరికే కాదు. కిడ్నీలు సోడియాన్నీ క్షారాన్నీ బయటికి పంపే వేగం వయసుతో తగ్గుతుంది. మన ఇళ్లలో ఈ పొడులు ఎక్కువగా వాడేది మాత్రం సరిగ్గా ఆ వయసువాళ్లే.

విడి సోడాకీ ప్యాకెట్ పొడికీ తేడా ఉంది. ప్యాకెట్‌లో నిమ్మ ఉప్పు సోడాతో సరితూగేలా ఉంటుంది కాబట్టి వాయువు చాలావరకు గ్లాసులోనే తీరిపోతుంది. ఉత్త తినే సోడా నీళ్లలో పొంగదు. కడుపులోకి వెళ్లాకే, అక్కడి ఆమ్లం తగిలాకే పొంగుతుంది. "రెండూ ఒకటే, ఇది చవక" అని డబ్బాలోంచి చెంచా నింపి తీసుకోవడం అందుకే మంచిది కాదు.

పొడిని నాలుక మీద వేసుకుని నీళ్లు తాగడం, కూల్‌డ్రింకులో కలపడం రెండూ వద్దు. మొదటి పద్ధతిలో పొంగు గొంతులో జరుగుతుంది, రెండో పద్ధతిలో ఉన్న వాయువుకు ఇంకా వాయువు తోడవుతుంది. ప్రయాణాల్లో ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి ఊపేవాళ్లూ ఉన్నారు. 700 మిల్లీలీటర్ల వాయువు పట్టడానికి సీసాలో చోటుండదు, మూత ఎగిరి ముఖానికి తగులుతుంది.

పక్కన వేసుకునే మాత్రలు

కడుపులో ఆమ్లం తగ్గితే కొన్ని మందులు ఒంటికి సరిగా పట్టవు. రక్తం తక్కువగా ఉందని ఆడపిల్లలకు, గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్ర అలాంటిది. తామరకు వాడే ఇట్రాకొనజోల్ కాప్సూల్ కూడా. అది కరగడానికే ఆమ్లం కావాలి. నెలల తరబడి ఇట్రాకొనజోల్ వాడినా తామర తగ్గలేదని వచ్చేవాళ్లని, రోజూ గ్యాస్ మందు ఏదైనా తీసుకుంటున్నారా అని అడగడం దండగ కాదు. మలబద్ధకానికి వాడే బిసకోడిల్ మాత్ర పేగుల్లో కరగాలని పైన పూత వేస్తారు. సోడా తాగిన కడుపులో ఆ పూత ముందే కరిగి మెలితిప్పినట్టు నొప్పి వస్తుంది. మానసిక చికిత్సలో లిథియం వాడేవాళ్లలో అదనపు సోడియం ఆ మందుని మూత్రంలో తోసేసి రక్తంలో దాని మోతాదు తగ్గిస్తుంది. వీటిలో మొదటి మూడింటికి రెండు గంటల ఎడం సరిపోతుంది. లిథియానికి ఎడం చాలదు, డాక్టరుకి చెప్పాల్సిందే.

ఎముకల కోసం కాల్షియం మాత్రలు వాడే ఆడవాళ్లకు వేరే జాగ్రత్త అవసరం. 1915లో బెర్‌ట్రమ్ సిప్పీ అనే అమెరికా వైద్యుడు కడుపు పుళ్లకు గంటగంటకీ పాలు, మీగడతో పాటు క్షార పొడులు ఇచ్చే చికిత్స ప్రచారంలోకి తెచ్చాడు. 1923 నాటికే ఆ చికిత్స తీసుకున్నవాళ్లలో కొందరికి వాంతులు, తలనొప్పి, మతిమరుపు, కిడ్నీ దెబ్బతినడం కనిపించాయని వైద్యులు రాశారు. కాల్షియం, క్షారం రెండూ ఎక్కువై రక్తంలో పేరుకోవడమే దానికి కారణం. పాలు, పొడుల చికిత్స పోయింది. కడుపు పుళ్లలో అధికభాగానికి ఒక బాక్టీరియా కారణమని తేల్చినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ కూడా వచ్చింది. కానీ కాల్షియం మాత్రలు, సోడా పొడి కలిపి రోజూ తీసుకునేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు.

అమెరికా నుంచి వచ్చే మనవాళ్ల సూట్‌కేసుల్లో ఆల్కా-సెల్ట్‌జర్ కనిపిస్తుంటుంది. ఇదీ పొంగేదే కాబట్టి ఈనోకి అన్నదమ్ముల్లాంటిదే అనుకుంటారు. అసలు రకం మాత్రలో సోడా, నిమ్మ ఉప్పుతో పాటు 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఉంటుంది. ఆస్పిరిన్ కడుపు లోపలి పొరను గాయపరచగలదు, రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. ఆస్పిరిన్ కలిసిన యాంటాసిడ్ల వల్ల తీవ్ర రక్తస్రావం జరగొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2016లో ప్రత్యేకంగా హెచ్చరించింది. అరవై దాటినవాళ్లు, పుండ్లు ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, రోజుకు మూడు పెగ్గులు లేదా అంతకన్నా ఎక్కువ తాగేవాళ్లు ఎక్కువ ప్రమాదంలో ఉన్నారని చెప్పింది. రాత్రి మందు, పొద్దున తలనొప్పి, కడుపులో మంట. సరిగ్గా ఆ పూట కోసమే ఆ మాత్రను కొనేవాళ్లున్నారు.

త్రేనుపు వచ్చింది కదా అని

ఇప్పుడు మొదట చెప్పిన వాయువు లెక్క దగ్గరికి రావాలి, దాని అసలు అవసరం ఇక్కడుంది. రొమ్ము మధ్య పట్టేసినట్టు, బరువుగా నొప్పి. చెమటలు. కొందరికి దవడలోకో, ఎడమ జబ్బలోకో, వీపులోకో పాకుతుంది. కొందరికి అదీ ఉండదు, పొట్ట పైభాగంలో నొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, అంతే. గుండె కింది గోడకు రక్తం ఆగినప్పుడు ఇలాగే మొదలవుతుంటుంది. గుండె నుంచీ అన్నవాహిక నుంచీ వెళ్లే నరాలు వెన్నుపాములో పక్కపక్కనే చేరతాయి కాబట్టి నొప్పి ఎక్కడినుంచి వస్తోందో మెదడుకే తేలదు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ.

అలాంటి వేళ ఇంట్లో మొదట వెతికేది ఈ ప్యాకెట్‌నే. తాగుతారు. త్రేనుపు వస్తుంది. గుండెపోటు వచ్చిన మనిషికైనా వస్తుంది, ఎందుకంటే ఆ వాయువుకు గుండెతో సంబంధం లేదు, గ్లాసుతో ఉంది. నొప్పి కూడా కొంచెం తగ్గినట్టు అనిపించవచ్చు. గుండె నొప్పి దానంతటది తగ్గి మళ్లీ రావడం మామూలే. యాంటాసిడ్ వేశాక నొప్పి తగ్గింది కాబట్టి అది గుండె నొప్పి కాదని నిర్ధారించుకోవద్దని అత్యవసర వైద్యులకు శిక్షణలోనే చెబుతారు. వాళ్లే చేయని నిర్ధారణ మనం త్రేనుపు చూసి చేస్తున్నాం.

ఛాతీ నొప్పితో ఆస్పత్రికి వచ్చిన మనిషికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలనేది ప్రపంచమంతా పాటించే ప్రమాణం. రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ పన్నెండు గంటల్లోపు ఇవ్వాలి, మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తే కాపాడే కండరం ఎంతో ఎక్కువ. "తగ్గుతుందేమో చూద్దాం" అని ఒకటి, "ఇందాకటిది సరిగా పనిచేయలేదేమో" అని ఇంకోటి, రెండు ప్యాకెట్ల మధ్య ఆ గంటలు గడిచిపోతాయి. నలభై దాటినవాళ్లకు, బీపీ, షుగర్, పొగ అలవాటు ఉన్నవాళ్లకు కొత్తగా, చెమటతోనో ఆయాసంతోనో వచ్చిన నొప్పి అయితే ముందు 108కి ఫోన్ చేయాలి. ఈసీజీ మామూలుగా ఉండి అది నిజంగా గ్యాసే అని తేలితే ఒకటి రెండు గంటలు పోయాయనుకోవచ్చు, అంతే నష్టం.

మళ్లీ మళ్లీ వచ్చే మంట

మంట వారానికి రెండు రోజులకు మించి వస్తోందంటే అది విందు భోజనం తాలూకు బాధ కాదు, ఆమ్లం పైకి ఎగదన్నే జబ్బు అయి ఉండొచ్చు. దానికి ఊరిన ఆమ్లాన్ని అప్పటికప్పుడు అణచడం కాకుండా, ఊరే చోటే కుళాయి కట్టేసే మందులున్నాయి: పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి. అవి తినడానికి అరగంట ముందు వేసుకోవాలి, పూర్తి ప్రభావానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. వాటినీ ఏళ్ల తరబడి సొంతంగా మింగేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు, ఆ కథ వేరు. ముద్ద మింగుతుంటే అడ్డుపడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, తారులాంటి నల్లటి విరేచనం, వాంతిలో రక్తం, కొత్తగా రక్తహీనత కనిపిస్తే పొడులూ వద్దు, సొంత మాత్రలూ వద్దు, ఎండోస్కోపీ చేసే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వంటింట్లో వాడకం కూడా లెక్కలోకి వస్తుంది. అప్పటికప్పుడు చేసే రవ్వ ఇడ్లీలోనో, ఢోక్లాలోనో ఒక ప్యాకెట్ వేస్తే వాయువు పిండిని పొంగించి పోతుంది, 850 మిల్లీగ్రాముల సోడియం పిండిలోనే ఉండిపోతుంది. నలుగురు తింటే మనిషికి 210 మిల్లీగ్రాములు, అర గ్రాము ఉప్పు చొప్పున. మామూలు మనిషికి ఇబ్బంది లేదు. ఆ పిండిలో ఉప్పు కాస్త తగ్గించి వేస్తే సరిపోతుంది. పొడి గడ్డకట్టి ఉంటే తేమ తగిలి లోపలే కొంత కలబడి ఉంటుంది, అది పొంగదు. కోస్తా జిల్లాల్లో ఉక్కపోతకు సీసా మూత వదులుగా పెడితే ఇలా అవుతుంది. విడి ప్యాకెట్లు కొనుక్కోవడం నయం. కొలత కూడా ఖాయంగా ఉంటుంది.

డాక్టరు "ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగినప్పుడు బీపీ మాత్ర చెబుతారు, షుగర్ మాత్ర చెబుతారు. ఈనో చెప్పరు, అది కిరాణా కొట్లో దొరికే సరుకు కాబట్టి. వారానికి ఎన్ని ప్యాకెట్లో చెప్పండి. నీరసం, కండరాలు అదరడం, రక్తపరీక్షలో పొటాషియం తగ్గి బైకార్బనేట్ పెరగడం కనిపించినప్పుడు, ఆ అంకె తెలిస్తే వెతుకులాట అక్కడే ముగియవచ్చు. తెలియకపోతే కిడ్నీల నుంచి అడ్రినల్ గ్రంథుల దాకా పరీక్షల చీటీలు రాసుకుంటూ పోతారు.